కెర్నెల్‌లో ఒక లెక్క తప్పితే రూట్ ఎలా వచ్చేస్తుంది?

బిట్టు_32 | శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్తే. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మొన్న ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఇంటీజర్ ఓవర్‌ఫ్లో గురించి చెప్పారు. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295, దానికి ఒకటి కలిపితే సున్నాకి వచ్చేస్తుంది. ఇంతవరకు ఓకే. తర్వాత మా సార్ "దీంతోనే లినక్స్ కెర్నెల్‌లో రూట్ కొట్టేశారు" అని ఒక్క ముక్క అనేసి, బెల్ మోగగానే వెళ్ళిపోయారు. (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రూట్ అంటే మెషీన్ మీద సర్వాధికారం ఉన్న యూజర్.)

లెక్క తప్పితే తప్పు జవాబు వస్తుంది. మహా అయితే సిస్టమ్ క్రాష్ అవుతుంది. రూట్ ఎక్కడినుంచి వస్తుంది? రెండు రోజులుగా ఇదే ఆలోచన. నా చిన్న డ్రైవర్ ప్రాజెక్టు కూడా ఉంది, అందుకే ఇంకా టెన్షన్.

గోదారి_గట్టు | రాత్రి 9:31

మా నాన్న పాత స్కూటర్ మీటరు 99999 దాటి మళ్ళీ 00000 దగ్గర మొదలైంది. అమ్మేటప్పుడు చూస్తే నాలుగు వేల కిలోమీటర్లే ఉంది. కొన్నాయన "బండి కొత్తదానిలా ఉందండీ" అని మురిసిపోయి పట్టుకెళ్ళాడు. ఓవర్‌ఫ్లో అంటే అదే తమ్ముడూ.

పాత_సి_మాస్టారు | రాత్రి 9:52

గోదారి గారు సరదాకి చెప్పినా బిట్టు ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. మీటరు తిరిగినందువల్ల బండికి ఏమీ కాలేదు. ఆ అంకె నమ్మి బేరమాడినాయన మునిగాడు. కెర్నెల్‌లోనూ అంతే. లెక్క తప్పడం ఒకచోట, దాన్ని నమ్మి పని చేయడం ఇంకోచోట. దెబ్బ తగిలేది ఆ రెండో చోట.

ఒక చిన్న లెక్క చేసి చూడు. యూజర్ ప్రోగ్రామ్ వచ్చి "నా దగ్గర ఇన్ని ఎంట్రీలున్నాయి, ఒక్కోటి 8 బైట్లు, తీసుకో" అంటుంది. కెర్నెల్ ఎంట్రీల సంఖ్యని 8తో గుణించి అంత మెమరీ తీసుకుంటుంది. యూజర్ ఇచ్చిన సంఖ్య 536870913 అనుకో. గుణిస్తే 4294967304. గుణకారం 32 బిట్లలో జరిగితే మిగిలేది 8. అంటే ఒకే ఒక్క ఎంట్రీకి చోటు. తర్వాత కాపీ చేసే లూప్‌కి ఈ 8 సంగతి తెలియదు. అది అసలు సంఖ్య, ఆ యాభై మూడు కోట్ల పైచిలుకు చూసుకుని కాపీ మొదలెడుతుంది. రెండో ఎంట్రీ దగ్గర్నుంచి పక్కవాడి మెమరీలో రాస్తున్నట్టే. ఆ పక్కన ఉన్నది ఒక ఫంక్షన్ పాయింటరో, ఏ ప్రాసెస్ ఏ యూజర్‌దో రాసి ఉన్న స్ట్రక్చరో అయితే? రూట్ యూజర్ నంబరు సున్నా. కాబట్టి ఆ యూజర్ నంబరు చోట సున్నా పడితే చాలు, నువ్వే రూట్.

కెర్నెల్ మెమరీ ఏది ఎక్కడ పక్కపక్కన పడాలో ముందే సర్దిపెట్టుకోవడం ఒక పెద్ద విద్య. తప్పిన లెక్క తలుపు మాత్రమే తీస్తుంది.

బిట్టు_32 | రాత్రి 10:05

అర్థమైంది మాస్టారూ. కానీ ఇంత చిన్న విషయం కెర్నెల్ రాసేవాళ్ళకి తెలియదా? గుణించేముందు ఒక చెక్ పెడితే సరిపోతుంది కదా?

రాత్రి_షిఫ్ట్ | రాత్రి 10:48

గుణకారం సంగతి వాళ్ళకి బాగానే తెలుసు. అందుకే సంఖ్యనీ సైజునీ విడివిడిగా తీసుకుని, గుణకారం పొర్లితే మెమరీ ఇవ్వని ఫంక్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 2018లో 4.18 వెర్షన్ దగ్గర చివర్లో అర్రే ఉన్న స్ట్రక్చర్లకి కూడా అలాంటిది పెట్టి, వందల చోట్ల పాత గుణకారాలు తీసేశారు. ఇప్పుడు దొరుకుతున్నవి గుణకారం పక్కన కాదు, నంబరు ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కి చేతులు మారే చోట. నాకు బాగా నచ్చిన ఉదాహరణ సెకోయా అనే బగ్. దాని అధికారిక నంబరు సీవీఈ-2021-33909. క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు 2021 జూలైలో బయటపెట్టారు. కాస్త ఓపిగ్గా చదువు.

కెర్నెల్ తన సమాచారం చూపించే ప్రాక్ ఫైల్స్ ఉన్నాయి కదా, మౌంట్ల (సిస్టమ్‌కి తగిలించిన ఫోల్డర్లు, డిస్కుల) జాబితా చూపించేది లాంటివి. నువ్వు దాన్ని చదివినప్పుడు కెర్నెల్ ఒక బఫర్ తీసుకుని అందులో టెక్స్ట్ నింపుతుంది. సరిపోకపోతే బఫర్‌ని రెట్టింపు చేసి మళ్ళీ మొదట్నుంచి నింపుతుంది. 4096, 8192, 16384 అలా. ఈ సైజు దాచుకునే వేరియబుల్ 64 బిట్‌ది, సైన్ లేదు, అంటే మైనస్ సంఖ్యలు ఉండవు. కాబట్టి ఇక్కడ ఏ తప్పూ లేదు.

ఇప్పుడు దాడి చేసేవాడు ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో ఇంకో ఫోల్డర్ అని సుమారు పది లక్షల లోతు వరకు కడతాడు. మొత్తం పాత్ పొడవు ఒక జీబీ దాటుతుంది. దాన్ని తన యూజర్ నేమ్‌స్పేస్‌లో (మామూలు యూజర్‌కి కూడా మౌంట్ చేసే అధికారం దొరికే విడి గదిలాంటిది) మౌంట్ చేసి, ఫోల్డర్‌ని డిలీట్ చేసి, మౌంట్ల జాబితా చదువుతాడు. ఒక జీబీ పాత్ ఒక జీబీ బఫర్‌లో పట్టదు, కాబట్టి బఫర్ 2 జీబీ అవుతుంది. సరిగ్గా 2147483648 బైట్లు.

ఈ సైజుని పాత్ రాసే ఫంక్షన్‌కి పంపుతారు. ఆ ఫంక్షన్ దాన్ని మామూలు ఇంట్‌గా తీసుకుంటుంది. 32 బిట్, సైన్ ఉన్నది. దాని గరిష్ఠం 2147483647. ఒక్కటంటే ఒక్కటి తక్కువ. కాబట్టి అవతల అందేది మైనస్ 2147483648.

పాత్‌ని చివర్నుంచి వెనక్కి రాసుకుంటూ వస్తారు కాబట్టి మొదట "బఫర్ మొదలు ప్లస్ పొడవు" అని చివర ఎక్కడో లెక్కేస్తారు. పొడవు మైనస్ అయిపోయింది కనుక ఆ "చివర" బఫర్‌కి 2 జీబీ వెనక పడుతుంది. అక్కడ "డిలీట్ అయిపోయింది" అని చెప్పే పది బైట్ల స్ట్రింగ్ రాయాలి. రాసేముందు చెక్ ఉంది! పొడవులోంచి 10 తీసేసి, మిగిలింది సున్నా కన్నా తక్కువైతే రాయకూడదు. మైనస్ 2147483648లోంచి 10 తీస్తే ఎంత?

ప్లస్ 2147483638. అటువైపు తిరిగేసింది. చెక్ పాస్.

ఆ పది బైట్లలో ఏముండాలో దాడి చేసేవాడి చేతిలో లేదు. అయినా అది చాలింది. వెరిఫై అయిపోయిన ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ (యూజర్ ఇస్తే కెర్నెల్ తనిఖీ చేసి తన లోపల నడిపే చిన్న కోడ్) మీద ఆ పది బైట్లు పడేలా చూసుకుని, అక్కడినుంచి కెర్నెల్ మెమరీ చదవడం, రాయడం సంపాదించి ఉబుంటు, డెబియన్, ఫెడోరా అనే మూడు లినక్స్ రకాల్లోనూ రూట్ తీసి చూపించారు. ఈ బగ్ 2014 నుంచి అక్కడే ఉంది. సవరణ చూస్తే నవ్వొస్తుంది: బఫర్ అడిగినప్పుడు సైజు సుమారు 2 జీబీ హద్దు దాటితే ఇవ్వొద్దు. అంతే.

గోదారి_గట్టు | రాత్రి 10:57

పది లక్షల ఫోల్డర్లు కట్టి ఆఖర్న దాన్నే డిలీట్ చేయడం... ఆ ఓపిక నాకుంటే ఈపాటికి సివిల్స్ కొట్టేవాణ్ణి.

తర్కం_తాత | రాత్రి 11:20

రాత్రి_షిఫ్ట్ గారు, ఒక అభ్యంతరం. సి భాషలో సైన్ ఉన్న సంఖ్య పొర్లితే ఏమవుతుందో స్టాండర్డ్ చెప్పదు. కంపైలర్ "ఇది ఎప్పటికీ జరగదు" అనుకుని ఆ చెక్‌నే పీకేయొచ్చు. కాబట్టి మీరు "ప్లస్ వైపు తిరిగింది" అని అంత ధీమాగా ఎలా అంటారు?

పాత_సి_మాస్టారు | రాత్రి 11:34

స్టాండర్డ్ సంగతి మీరన్నది నిజమే తాతగారూ. కానీ లినక్స్ కెర్నెల్‌ని మామూలు సి లాగా కంపైల్ చేయరు. సైన్ ఉన్న సంఖ్యలు కూడా చక్రంలా తిరగాల్సిందేనని కంపైలర్‌కి ఫ్లాగ్ ఇచ్చి చెబుతారు. అందుకని కెర్నెల్‌లో అది తిరుగుతుంది, చెక్ చెక్కుచెదరదు. ఇక్కడ ఆ ఫ్లాగ్ దాడి చేసేవాడికే పనికొచ్చింది, అది వేరే మాట.

తర్కం_తాత | రాత్రి 11:38

ఒప్పుకున్నాను. ఈ ఫ్లాగ్ సంగతి నాకు తట్టలేదు.

సర్వర్_సుబ్బి | ఆదివారం, ఉదయం 7:10

పొద్దున్నే కాఫీ తాగుతూ అంతా చదివాను. బిట్టూ, రూట్ సంగతి సరే, నువ్వు "మహా అయితే క్రాష్" అన్నావు చూడు, అది మా లాంటి వాళ్ళకి చాలా పెద్ద మాట. 2019 జూన్ 17న సాక్ పానిక్ అనే బగ్ బయటపడింది. (సాక్ అంటే ఏ ప్యాకెట్లు అందాయో అవతలివాడు విడివిడిగా చెప్పే టీసీపీ పద్ధతి.) నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు పట్టుకున్నారు. బయట ఎక్కడో కూర్చున్నవాడు, లాగిన్ కూడా లేకుండా, నాలుగు టీసీపీ ప్యాకెట్ల తెలివితో లినక్స్ సర్వర్‌ని పడగొట్టగలిగేవాడు.

లెక్క చాలా ముచ్చటగా ఉంటుంది. పంపాల్సిన డేటా పట్టుకునే ఒక్క ప్యాకెట్ స్ట్రక్చర్‌లో 17 ముక్కలుంటాయి, ఒక్కో ముక్కలో 32 కేబీ పడుతుంది. అవతలివాడు "నాకు అతి చిన్న సెగ్మెంట్లే పంపు, 48 బైట్లు" అంటాడు. అందులో 40 ఆప్షన్లకే పోతే డేటాకి మిగిలేది 8. ఇప్పుడు 17 × 32 × 1024 ని 8తో భాగించు. 69632 సెగ్మెంట్లు. వాటిని లెక్కపెట్టే కౌంటర్ 16 బిట్లది, అందులో పట్టేది 65535 వరకే. మామూలుగా అన్ని సెగ్మెంట్లు ఒకే స్ట్రక్చర్‌లో పడవు. కానీ సాక్ వచ్చినప్పుడు కెర్నెల్ పక్కపక్క ప్యాకెట్లని ఒకదాంట్లోకి కుదిస్తుంది. అక్కడ కౌంటర్ పొర్లుతుంది. తర్వాత "ఈ లెక్కలు కలవట్లేదు, ఇలా జరగకూడదు" అని కెర్నెల్ తనంతట తానే పానిక్ అయిపోతుంది, అంటే మొత్తం మెషీన్‌ని ఆపేస్తుంది.

ఆ వారం నేనున్న కంపెనీలో రీబూట్‌కి అనుమతి రాలేదు. సాక్ ఆపేయమన్నారు, ఒక్క సెట్టింగ్ మార్చి అన్ని సర్వర్లలో ఆపేశాం. మర్నాటినుంచి అమెరికా ఆఫీసుకి వెళ్ళే బ్యాకప్ నత్తనడక. ప్యాకెట్ ఒక్కటి పోయినా ఏది అందింది ఏది అందలేదో తెలియక బోలెడు మళ్ళీ పంపాల్సి వచ్చేది. "నెట్‌వర్క్ ఎందుకు స్లో" అని టికెట్లు. కారణం తెలిసీ చెప్పలేని పరిస్థితి. రెండు వారాలు అలాగే గడిచాయి.

కిటికీల_కిట్టు | ఉదయం 8:45

అందరూ లినక్స్‌నే తిడుతున్నారు, విండోస్ వాడిగా నాకు చిన్నతనంగా ఉంది. మా వాటా కూడా రాసుకోండి.

2015 ఏప్రిల్‌లో హెచ్‌టీటీపీ రిక్వెస్టులు తీసుకునే కెర్నెల్ డ్రైవర్‌లో ఒకటి దొరికింది. "ఈ ఫైల్‌లో 18 నుంచి 18446744073709551615 బైటు వరకు ఇవ్వు" అని అడిగితే చాలు. పొడవు కోసం చివరి సంఖ్యకి ఒకటి కలపాలి, కలిపితే సున్నా. బ్లూ స్క్రీన్.

అది చిన్నది. పెద్దది ఎటర్నల్ బ్లూ. బిట్టూ, దాన్ని వాడుకుని ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై పేరు వినే ఉంటావు, 2017 మే 12. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని తగులుకున్నాయి అప్పుడు. దాని వెనకున్నది ఒక సైజు అప్‌డేట్ తప్పు. నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే ఎస్‌ఎంబీ వెర్షన్ 1 డ్రైవర్‌కి ఒక జాబితా వస్తుంది, దాని మొత్తం సైజు 4 బైట్ల ఫీల్డులో ఉంటుంది. జాబితాలో తేడా ఎంట్రీ కనిపిస్తే డ్రైవర్ మంచి ఎంట్రీల వరకే ఉంచి సైజుని తగ్గిస్తుంది. మంచి అలవాటే. కానీ తగ్గించిన సైజుని 4 బైట్లలో కాకుండా కింది 2 బైట్లలోనే రాసింది.

వచ్చిన సైజు 65536. తగ్గాక కావలసింది 65373. పై సగం తుడవకుండా కింది సగం మాత్రం మార్చేసరికి మిగిలింది 130909. తగ్గించబోయి రెట్టింపు చేసింది! బఫర్ మాత్రం మంచి ఎంట్రీలకి సరిపోయేంతే తీసుకున్నారు. కాపీ చేసేటప్పుడు 130909 చూసుకున్నారు. మిగతాది మాస్టారు చెప్పిన పక్కవాడి మెమరీ కథే.

మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలు టైముంది. ఎవరు వేశారు?

తర్కం_తాత | ఉదయం 9:02

కిట్టు గారు చెప్పిన రెండోది ఓవర్‌ఫ్లో అనొచ్చా? ఏ సంఖ్యా పొర్లలేదు. సగం రాశారు, అంతే.

కిటికీల_కిట్టు | ఉదయం 9:10

పేరు ఏం పెట్టినా నాకు పర్వాలేదండీ. రాత్రి_షిఫ్ట్ చెప్పిన సెకోయాలో కూడా సంఖ్య పొర్లకముందే ఇంట్‌లోకి మారేటప్పుడు చెడింది. రెండూ ఒక ఇంట్లో బిడ్డలే.

రాత్రి_షిఫ్ట్ | ఉదయం 11:26

ఐఫోన్ వాళ్ళు నవ్వుకోకండి. 2023లో క్యాస్పర్‌స్కై అనే సెక్యూరిటీ కంపెనీ తన ఉద్యోగుల ఫోన్లలోనే పట్టుకున్న ట్రయాంగులేషన్ దాడిలో కెర్నెల్‌లోకి దూరింది మెమరీ మ్యాపింగ్ కాల్స్‌లోని ఇంటీజర్ ఓవర్‌ఫ్లో తోనే. జూన్ 21న ఐఓఎస్ 16.5.1 లో సవరించారు.

అర్ధరాత్రి_ఆవకాయ | మధ్యాహ్నం 12:40

ఇప్పటిదాకా సైజులే మాట్లాడారు. లెక్కింపులు కూడా పొర్లుతాయి. రిఫరెన్స్ కౌంట్ తెలుసు కదా బిట్టూ? ఒక ఆబ్జెక్టుని ఎంతమంది వాడుతున్నారో లెక్క. సున్నా అయితే ఎవరూ లేరని మెమరీ ఖాళీ చేస్తారు.

2016 జనవరిలో వచ్చిన కీరింగ్ (కెర్నెల్‌లో రహస్య కీలు దాచుకునే గుత్తి) బగ్‌లో ఒక దారిలో ఆ లెక్క పెరిగేది కానీ తగ్గేది కాదు. తన కీరింగ్‌లోనే మళ్ళీ చేరినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. 32 బిట్ల కౌంటర్. అంటే 430 కోట్ల సార్లు పిలిస్తే తిరిగి సున్నాకి వస్తుంది. వాడేవాళ్ళు ఉండగానే కెర్నెల్ "ఎవరూ లేరు" అనుకుని మెమరీ వదిలేస్తుంది. 430 కోట్లు అంటే నోరు తెరుస్తాం గానీ మామూలు ల్యాప్‌టాప్ ఐ7 ప్రాసెసర్‌లో అరగంట పట్టింది. భోజనం చేసి వచ్చేసరికి రూట్ సిద్ధం.

తర్వాత 2017లో 4.11లో కొత్త రకం కౌంటర్ తెచ్చారు. అది పొర్లబోతే తిరగదు, ఒకచోట బిగుసుకుపోతుంది. ఇక ఆ మెమరీని ఎప్పటికీ వదలరు. కొంచెం మెమరీ లీక్ అవుతుంది, కొంప మునగదు. నాకు తెలిసి కెర్నెల్ భద్రతలో ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చిన మార్పులు తక్కువ.

గోదారి_గట్టు | మధ్యాహ్నం 1:15

అంటే స్కూటర్ మీటరు 99999 దగ్గర ఆగిపోయే బండి అన్నమాట. మా నాన్నకి ఈ సంగతి చెప్పను.

పాత_సి_మాస్టారు | మధ్యాహ్నం 3:30

ఈ సందర్భంలో ఒక పాత కథ. 2003 నవంబరులో డెబియన్ ప్రాజెక్టు సర్వర్లలోకే ఎవరో దూరారు. ఒక డెవలపర్ పాస్‌వర్డ్ దొరికితే మామూలు యూజర్‌గా లాగిన్ అయ్యి, ప్రాసెస్ హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) పెంచే బీఆర్‌కే కాల్‌లోని ఇంటీజర్ ఓవర్‌ఫ్లో తో రూట్ అయ్యారు. చిరునామా ప్లస్ పొడవు హద్దు దాటుతోందా అని ఆ ఫంక్షన్‌లో చూడలేదు. బాధేమిటంటే ఆ తప్పుని సెప్టెంబరులోనే సరిచేశారు. కానీ అది భద్రతకి సంబంధించిందని ఎవరూ గుర్తించలేదు. మామూలు బగ్‌లా తర్వాతి రిలీజ్ కోసం వరుసలో నిలబడింది. ఆలోపు దొంగ ముందే చూశాడు.

నేను అప్పట్లో డెబియనే వాడేవాణ్ణి. ఆ ప్రకటన చదివాక చాలా రోజులు ప్రతి కూడికనీ అనుమానంగా చూశాను.

సర్వర్_సుబ్బి | సాయంత్రం 4:05

ఒక చిన్న పక్కమాట. లినక్స్‌లో బూట్ అయినప్పటి నుంచి టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది. 32 బిట్ల మెషీన్లో, సెకనుకి 1000 టిక్కులైతే 49.7 రోజులకి పొర్లుతుంది. డెవలపర్ మెషీన్ 49 రోజులు ఎక్కడ నడుస్తుంది? అందుకని ఆ కౌంటర్‌ని సున్నా దగ్గర కాకుండా పొర్లడానికి 5 నిమిషాల ముందు మొదలెడతారు. ఏ డ్రైవర్ అయినా తప్పు రాస్తే బూట్ అయిన ఐదు నిమిషాలకే బయటపడిపోతుంది. ఈ ఐడియా వేసినవాళ్ళకి ఒక దండం.

బిట్టు_32 | సాయంత్రం 5:50

ఒకే దారంలో ఇన్ని ఉంటాయనుకోలేదు. సి బదులు రస్ట్ భాషలో రాస్తే ఇవన్నీ పోతాయా?

అర్ధరాత్రి_ఆవకాయ | సాయంత్రం 6:12

కొన్ని. మామూలు రస్ట్‌లో డీబగ్ బిల్డ్ అయితే పొర్లగానే ఆగిపోతుంది, రిలీజ్ బిల్డ్ అయితే నిశ్శబ్దంగా తిరిగేస్తుంది. కెర్నెల్‌లోని రస్ట్‌కి మాత్రం ఆ చెక్‌ని డిఫాల్ట్‌గా ఆన్ చేసి ఉంచారు. ఇంకో మంచి సంగతి, 64 బిట్లది 32 బిట్ల చోట పెట్టాలంటే రస్ట్‌లో నోరు తెరిచి రాయాలి. సి లాగా చడీచప్పుడు లేకుండా మారిపోదు. సెకోయా అక్కడ కంపైల్ అయ్యేదే కాదు. కానీ కెర్నెల్‌లో రస్ట్ మొదలైందే 2022 డిసెంబరులో, 6.1తో. మిగిలిన కోట్ల లైన్లు సి.

సి కోడ్‌లోనే పొర్లిన ప్రతి లెక్కనీ పట్టుకుందామని 2024లో కెర్నెల్ భద్రత మీద పనిచేసే కీస్ కుక్ ప్రతిపాదిస్తే లినక్స్ సృష్టికర్త లైనస్ గట్టిగా అడ్డం తిరిగారు. సైన్ లేని సంఖ్య తిరగడం భాషలో ఉన్న మామూలు విషయం, హ్యాష్‌లు, టైమర్లు దాని మీదే బతుకుతాయి, దాన్ని తప్పంటే ఎలా అని. నాకు లైనస్ వైపే మొగ్గు ఉంది గానీ, సైజు లెక్కల వరకైనా కట్టడి ఉండాలి.

బిట్టు_32 | రాత్రి 8:20

సరే, సిగ్గుపడకుండా నా కోడ్ పెడుతున్నాను. డ్రైవర్‌లో 4096 బైట్ల బఫర్ ఉంది. యూజర్ ఆఫ్‌సెట్, పొడవు ఇస్తాడు. రెండూ 32 బిట్లు, సైన్ లేనివి. నా చెక్: "ఆఫ్‌సెట్ + పొడవు > 4096 అయితే ఎర్రర్".

పాత_సి_మాస్టారు | రాత్రి 8:26

ఆఫ్‌సెట్ 4294967295, పొడవు 2 ఇస్తాను. కూడితే 1. లోపలికి రానిస్తావా?

బిట్టు_32 | రాత్రి 8:41

అయ్యో. ఇప్పుడు మార్చాను: "పొడవు > 4096 - ఆఫ్‌సెట్ అయితే ఎర్రర్". కూడికే లేదు, పొర్లదు.

రాత్రి_షిఫ్ట్ | రాత్రి 8:44

ఆఫ్‌సెట్ 5000 ఇస్తే?

బిట్టు_32 | రాత్రి 8:53

4096 - 5000... 4294966392. ఏ పొడవైనా పాస్. ఛ.

రాత్రి_షిఫ్ట్ | రాత్రి 9:05

ఏం ఫీలవకు. అచ్చం ఇదే తప్పు లినక్స్ కెర్నెల్‌లో 2019 నుంచి 2022 జనవరి వరకు ఉంది. సీవీఈ-2022-0185. మౌంట్ ఆప్షన్లన్నీ ఒక పేజీలో, అంటే 4096 బైట్లలో, కామాలు పెట్టి పేరుస్తారు. చెక్ ఏమిటంటే "పొడవు > 4096 - 2 - ఇప్పటిదాకా నింపింది". నింపింది 4095కి చేరేలా చూసుకుంటే కుడివైపు మైనస్ 1, అంటే సైన్ లేని లెక్కలో ఆకాశమంత. తర్వాత నుంచి ఎంత కావాలంటే అంత పేజీ బయట రాసుకోవచ్చు. సవరణలో తీసివేతని కూడికగా మార్చారు: "నింపింది + పొడవు + 2 > 4096". అక్కడ ఒక్కో స్ట్రింగ్‌కి 256 బైట్ల హద్దు ముందే ఉంది, కాబట్టి కూడిక పొర్లే అవకాశం లేదు. నీ దగ్గర ఆ హద్దు లేదు, నీకు కూడిక పనికిరాదు.

బిట్టు_32 | రాత్రి 9:19

అయితే ముందు "ఆఫ్‌సెట్ > 4096 అయితే ఎర్రర్", ఆ తర్వాత తీసివేత చెక్. ఇప్పుడు?

పాత_సి_మాస్టారు | రాత్రి 9:24

ఇప్పుడు చెక్ బాగుంది. ఆ పొడవు యూజర్ దగ్గర్నుంచి ఏ టైపులో వస్తోంది? కాపీ చేసేటప్పుడు ఏది వాడుతున్నావు?

బిట్టు_32 | రాత్రి 9:40

యూజర్ ఇచ్చే స్ట్రక్ట్‌లో పొడవు 64 బిట్లు. చెక్ ఫంక్షన్ 32 బిట్లలో తీసుకుంటోంది. కాపీకి మాత్రం స్ట్రక్ట్‌లోదే నేరుగా ఇస్తున్నాను.

టైప్ చేస్తుంటేనే తెలిసిపోయింది.

రాత్రి_షిఫ్ట్ | రాత్రి 9:42

4294967297 ఇచ్చి చూడు. వర్చువల్ మెషీన్‌లోనే సుమా!

బిట్టు_32 | రాత్రి 10:15

చెక్‌కి 1 కనిపించింది, పాస్ చేసేసింది. మెషీన్ చావలేదు. లాగ్‌లో పెద్ద వార్నింగ్ వచ్చింది. యూజర్ నుంచి కాపీ చేసే ఫంక్షనే 2 జీబీ దాటిన సైజు చూసి ఆపేసిందట.

పాత_సి_మాస్టారు | రాత్రి 10:18

నువ్వు బతికింది నీ చెక్ వల్ల కాదన్నమాట.

బిట్టు_32 | రాత్రి 10:31

స్ట్రక్ట్‌లోనే 32 బిట్లకి మార్చేశాను, మళ్ళీ టెస్ట్ చేశాను, వార్నింగ్ లేదు. రేపు సబ్మిషన్. మాస్టారూ, దయచేసి రేపటిదాకా ఇంకేమీ అడగకండి.